గుర్రపు డెక్క తీస్తే మా వాగు బాగుపడుతుందా?

ప్రశ్న – మూసీ దిగువ రైతు

నమస్కారం. హైదరాబాదు దాటాక మూసీలో కలిసే ఒక వాగు మా ఊరిని ఆనుకుని పారుతుంది. మా నాన్నగారి చిన్నతనంలో పశువులను అందులోనే కడిగేవారట. ఇప్పుడు ఊరి మురుగుకాలువలు రెండూ అందులోనే పడుతున్నాయి, వంతెన మీద నిలబడి చూస్తే నీటికి బదులు గుర్రపు డెక్కే కనబడుతుంది. నిరుడు ముప్పై మందిమి నాలుగు ఆదివారాలు నడుములోతు నీళ్లలో దిగి, వంతెన నుంచి చాకిరేవు దాకా అంతా పీకి ఒడ్డున కుప్పలు పోశాం. వానాకాలం వెళ్లేసరికి మళ్లీ అలాగే అల్లుకుపోయింది. ప్రజలే పూనుకుని బాగుచేసుకున్న నది ఎక్కడైనా ఉంటే, వారు పని ఎక్కడ మొదలుపెట్టారో దయచేసి చెప్పగలరు.

జవాబు 1 – పంజాబులో పనిచేసి వచ్చినవాడు

ఉందండి. పంజాబులోని కాలీ బేయీ హోషియార్‌పూర్ జిల్లాలో పుట్టి, సుమారు 160 కిలోమీటర్లు పారి బియాస్, సట్లెజ్ నదులు కలిసే ప్రాంతానికి చేరుతుంది. సుల్తాన్‌పూర్ లోధీ వద్ద గురునానక్ స్నానం చేసిన నీరు అదేనని సిక్కుల విశ్వాసం. అంతటి పవిత్రమైన నది కూడా పట్టణాల, పల్లెల మురుగుతో నిండిపోతే, 2000లో సిక్కు మతగురువు సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ అనుచరులతో కలిసి స్వయంగా అందులో దిగి డెక్క తీయడం మొదలుపెట్టారు. కార్ సేవ, అంటే భక్తితో చేసే శ్రమదానం, అని పిలుపునిస్తే ఊళ్లకు ఊళ్లే కదిలివచ్చి పూడిక తీశాయి, ఘాట్లు కట్టాయి, ఒడ్డున చెట్లు నాటాయి. 2006లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు వెళ్లి చూసి వచ్చారు.

అయితే మీరు గమనించవలసింది డెక్క తీయడాన్ని కాదు. మురుగు నదిలో వదలవద్దంటే మరెక్కడ వదలాలని ఊరివారు అడుగుతారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే అక్కడ మురుగును పైపుల ద్వారా వరుస బావుల్లోకి మళ్లించి, మడ్డి దిగాక చెరువులో నిలవబెట్టి, ఆ నీటిని పొలాలకు ఇచ్చారు. నీరు పొలానికి పనికొస్తున్నప్పుడు దానిని కాపాడుకోవడానికి రైతు తానే ముందుకు వస్తాడు.

జవాబు 2 – నీటి పరీక్షల ఉద్యోగి

పై మాటతో నేను ఏకీభవిస్తాను. గుర్రపు డెక్కకు తిండి మురుగులోని నత్రజని, భాస్వరమే కాబట్టి, అవి అందుతున్నంత కాలం అనుకూలమైన వాతావరణంలో రెండు వారాల్లోనే అది రెట్టింపు కాగలదు, గింజలైతే బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. ఒడ్డున పోసిన కుప్పలు కుళ్లితే ఆ సారం వానకు మళ్లీ వాగులోకే జారుతుంది. కనుక ముందు కాలువలు మళ్లించి, తరువాత డెక్క తీసి, వాగుకు దూరంగా గుంటల్లో ఎరువుగా మార్చండి.

ఒక హెచ్చరిక. ఈ బావుల పద్ధతి ఇళ్ల మురుగుకే సరిపోతుంది, ఫ్యాక్టరీ నీరు కలుస్తుంటే దానిని పొలాలకు పెట్టనే కూడదు. కాలీ బేయీలోనూ ఆ తరువాత మురుగు చేరినప్పుడు చేపలు చచ్చిపోయాయి, అంటే కాపలా ఎన్నటికీ మానకూడదు.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా కాలువల్లో ఇళ్ల మురుగే ఉంది. పెద్ద కాలువ పక్కన అర ఎకరం పంచాయతీ స్థలం ఖాళీగా ఉంది, దాని కింద నలుగురు రైతుల వరి మడులు ఉన్నాయి. ఈసారి వాగులో దిగడానికి ముందు ఆ నలుగురితో మాట్లాడి, విషయాన్ని గ్రామసభలో పెడతాం.