‘ఫూ ఫైటర్’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ‘1944లో అమెరికన్ పైలట్ల వెంట ఫూ యోధులు పడ్డారు.’ ఈ వాక్యం సరేనా అండీ?

జవాబు: యోధులు కాదండీ, యుద్ధవిమానాలూ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిపూట పైలట్లకి కనిపించిన వింత వెలుగులు. ఆ నవంబరులో 415వ నైట్ ఫైటర్ స్క్వాడ్రన్ (రాత్రి యుద్ధవిమానాల దళం) వాళ్లు బ్యూఫైటర్ విమానంలో స్ట్రాస్‌బర్గ్ దగ్గర రైన్ లోయ మీద తిరుగుతుంటే ఎర్రటి వెలుగు ముద్దలు కనిపించాయి. కింది రాడార్‌కీ చిక్కలేదు, విమానంలో రాడార్‌కీ చిక్కలేదు. వాటికి ‘ఫూ ఫైటర్’ అని పేరు పెట్టింది ఆ విమానంలో రాడార్ చూసే డొనాల్డ్ మీయర్స్ అంటారు. బిల్ హోల్మన్ 1935లో మొదలుపెట్టిన స్మోకీ స్టోవర్ కామిక్‌లో హీరో ఫైరింజన్ మనిషి. అందులో ‘ఫైర్ ఫైటర్’ని వెటకారంగా ‘ఫూ ఫైటర్’ చేశారు. కాబట్టి ఇక్కడ ఫైటర్ అంటే మంటలార్పేవాడు! అది పోయి పోయి ఆరని వెలుగులకి అంటుకుంది.

ఇంకొకరు: ఫ్రెంచిలో నిప్పుని ‘ఫో’ లాగా పలుకుతారు. స్ట్రాస్‌బర్గ్ ఫ్రాన్స్‌దే. అందులోంచి రాలేదా?

జవాబు: వినడానికి బాగానే ఉంది గానీ, కామిక్ ఉండగా అంత దూరం పోనక్కర్లేదు. ‘ఫూ’ని ఒక చైనా బొమ్మ అడుగున చూశానని హోల్మనే చెప్పాడు.

మరొకరు: మనకి ‘కొరివి దయ్యం’ ఉందిగా? చీకట్లో వెంటపడే నిప్పు.

జవాబు: పోలిక బాగుంది, కానీ అది చేలల్లో, శ్మశానాల్లో నేలబారున తిరిగేది. వివరణలో వాడండి, పేరుగా వద్దు. ‘ఎగిరే పళ్లెం’ అసలే వద్దు, ఆ మాట పుట్టిందే 1947లో. ‘ఫూ ఫైటర్’ అనే ఉంచేసి, మొదటిసారి పక్కన ‘అంతుచిక్కని వెలుగు’ అని రాస్తే చాలు.

నాకైతే పేరుకంటే క్రియ దగ్గరే పేచీ. ‘వెంటపడ్డాయి’ అంటే వాటికి ఉద్దేశం అంటగట్టినట్టే. కటిక చీకట్లో ఒంటరి వెలుగుని కదలకుండా చూస్తే, అది నిలిచి ఉన్నా కదులుతున్నట్టే ఉంటుంది. అందుకే రాత్రి విమానం నడిపేవాళ్లకి చూపు ఒకచోట నిలపొద్దని నేర్పుతారు. సెయింట్ ఎల్మో మంట (ఉరుముల వాతావరణంలో మొనల దగ్గర వెలిగే విద్యుత్ వెలుగు) అయితే ప్రొపెల్లర్ అంచులకీ రెక్కల కొనలకీ పుడుతుంది. దానికి ‘అంటుకుంది’ అనాలి. పైలట్ నోట ‘వెంటపడ్డట్టు కనిపించాయి’ అనిపించండి. వ్యాసకర్త చూడలేదు కాబట్టి ఆయన వాక్యంలో ఇంకో తోక కావాలి: ‘వెంటపడ్డట్టు కనిపించాయట’.

ప్రశ్న అడిగినవారు: ‘-ట్టు’ కంటిది, ‘-అట’ చెవిది. అర్థమైంది, మార్చేస్తానండీ.