మన ఊరి పాత ఆసుపత్రిని కూల్చాలా, ఉంచాలా?

భీమిలి దారి:
మన పాత ఆసుపత్రి తెలుసు కదా, నాలుగు గదులు, ముందు పొడుగాటి వరండా. 1950ల నాటిది. కొత్తది కట్టాక దానికి తాళం పడింది. ఇప్పుడు కూల్చేసి బళ్ళు పెట్టుకునే స్థలం చేద్దామంటున్నారు. నేను వద్దంటున్నాను. మీరేమంటారు?

రెండో వీధి:
అన్నా, కోపం తెచ్చుకోకు. అదేమైనా హవా మహలా? పీడబ్ల్యూడీ, అదే సర్కారు పనుల శాఖ, కట్టిన డబ్బా. రక్షిత కట్టడం అనాలంటే చట్టం ప్రకారమే వందేళ్ళుండాలి. పోయిన వానాకాలం మా అమ్మ తడవకుండా ఆ వరండాలో నిలబడితే పక్కనే పెచ్చు ఊడిపడింది. తల మీద పడుంటే?

భీమిలి దారి:
అమ్మ సంగతి విని గుండె జారింది తమ్ముడూ. రేపే వరండాకి అడ్డంగా తాడు కట్టిస్తాను. కానీ వందేళ్ళ లెక్క ఒప్పుకోను. అది 1958 చట్టం పురాతన కట్టడాలకు పెట్టిన షరతు. డెబ్బై ఏళ్ళప్పుడే కూల్చేస్తే ఏ గోడకైనా వందేళ్ళు ఎలా నిండుతాయి?

విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), మెడికల్ కాలేజీ 1923లోనే వచ్చాయి. మనవాళ్ళకి మాత్రం జ్వరమొస్తే ఎడ్లబండే గతి. 40 వేల మందికో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని ఆరోగ్య సేవల మీద సర్కారు వేసిన భోర్ కమిటీ 1946లో చెప్పింది, 1952 నుంచి అవి మొదలయ్యాయి. సర్కారు వైద్యం మన గుమ్మం దాకా నడిచొచ్చిన కాలం అది.

కాంపౌండరు కిటికీ గట్టు చూశావా? మోచేతులు ఆనించి ఆనించి నున్నబడింది. మిక్స్చర్‌కి సీసా ఇంటి నుంచే తీసుకెళ్ళేవాళ్ళం. దానికి అంచు మెట్లు మెట్లుగా కత్తిరించిన కాగితం పట్టీ అంటించేవారు, ఒక్కో మెట్టు ఒక్కో మోతాదు. అక్షరం రాని మా నాన్నమ్మ కూడా తప్పకుండా లెక్కగా తాగేది.

ఇక పెచ్చులంటావా, ఉప్పుగాలికి లోపలి చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటుని బయటికి తోసేస్తుంది. వదులైనది రాల్చి, చువ్వలు శుభ్రం చేసి, అరిగినవి మార్చి మళ్ళీ పూయొచ్చు. ఖర్చుతో కూడిన పనే, కాదనను.

రిటైరైన సిస్టరు:
ఆ గదుల్లో నా చేతుల మీదుగా ఎందరో పిల్లలు పుట్టారు. అయినా ఒక మాట. బీపీ, షుగర్ మందుల రోజున ముసలివాళ్ళు ఎండలో నిలబడుతున్నారు. వాళ్ళు కూర్చోడానికి ఆ గదులు ఇస్తే ఉంచండి. తాళం వేసి చూసుకోడానికైతే నేను తమ్ముడి పక్షమే.

భీమిలి దారి:
వాళ్ళకే ఇద్దాం అక్కా. ఆదివారం పొద్దున తెలిసిన ఇంజనీరు వస్తున్నాడు. సుత్తితో శ్లాబంతా తట్టి, బోలుగా మోగిన చోట, అంటే లోపల వదులైన చోటల్లా సుద్దతో గుర్తు పెడతాడు. తమ్ముడూ, నువ్వూ నిచ్చెన పట్టుకో. బాగుచెయ్యడం కుదరదని అతనంటే కూల్చమనే కాగితం మీద మొదటి సంతకం నాదే.