కోడి కింద బాతుగుడ్లు: ఏ రోజు నుంచి లెక్క?

ప్రశ్న (పర్లాకిమిడి): నాటుపెట్ట కింద కోడిగుడ్లు ఐదు, బాతుగుడ్లు ఐదు ఒకే రోజు పెట్టాం. మొన్న 21వ రోజున కోడిపిల్లలు వచ్చేశాయి. పెట్ట వాటి వెంట దిగిపోతోంది. బాతుగుడ్లు మురిగిపోయినట్టేనాండీ?

జవాబు (గుణుపురం): గడువే కాలేదండీ. మామూలు బాతుకి 28 రోజులు, మొహం మీద ఎర్ర కండ ఉండే మస్కోవీకి 35 దాకా. ముందు కోడిపిల్లల్ని బల్బు పెట్టిన బుట్టలోకి మార్చండి, వాటి కూత పెట్టకి వినపడకూడదు. వింటే కూర్చోదు. రాత్రి చీకట్లో గుడ్డు వెనక టార్చి పెట్టి చూడండి. లావు వైపు గాలి గది వదిలి మిగతాదంతా నల్లగా ఉంటే పిల్ల ఉన్నట్టు. బాతుగుడ్డు పెద్దది, పెట్ట సరిగ్గా తిప్పలేదు. 25వ రోజు దాకా రోజుకు మూడుసార్లు మీరే తిప్పి, గోరువెచ్చని నీళ్లు చిలకరించండి. ఆ తర్వాత ముట్టుకోవద్దు. మళ్లీసారి బాతుగుడ్లు ముందు పెట్టి, వారం తర్వాత కోడిగుడ్లు చేర్చండి.

ప్రశ్న: మేక కూడా చూడితో ఉంది. దానికీ ఇలాగే లెక్కా?

జవాబు (పాతపట్నం): కాదు. పెట్ట పది రోజులు గుడ్లు పెట్టినా పిల్లలన్నీ దాదాపు ఒకేసారి వస్తాయి, ఎందుకంటే పెట్ట పొదిగే వేడి తగిలేదాకా లోపలి పిండం ఆగి ఉంటుంది. అందుకే ఎండాకాలం గుడ్లు నాలుగు రోజులకు మించి దాచకండి. ఇంటి వేడికే సగం పెరిగి చచ్చిపోతాయి. పుంజు కలిసిన రోజుతో పనిలేదు, ఒకసారి కలిస్తే పది రోజులకు పైనే పిల్లకొచ్చే గుడ్లు వస్తాయి. మేకకి ఆ ఆగడం లేదు. పోతు దాటిన రోజు నుంచి 150 రోజులు, ఐదు అటూ ఇటూ. ఆ తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి.

ఈనేటప్పుడు ముందుకాళ్లు రెండూ, వాటి మీద ముట్టె కనిపిస్తే సరైన దారి. గట్టిగా ముక్కుతూ గంటైనా ఏమీ రాకపోతే పశువుల డాక్టరును పిలవండి, లాగకండి. బొడ్డు రెండంగుళాలు వదిలి కోసి టించర్ అయోడిన్‌లో ముంచండి. ముర్రుపాలు గంటలోపు పట్టాలి. రెండు కిలోల పిల్లకి మొదటి రోజు 200 మిల్లీలీటర్లు, నాలుగైదు విడతల్లో. కోడిపిల్లకి తల్లి ఇచ్చే రోగనిరోధక శక్తి పచ్చసొనలోనే వస్తుంది, మేకపిల్లకి మాయ గుండా రాదు. ముర్రుపాలు దాటిపోతే ఆ లోటు మళ్లీ తీరదు.

ప్రశ్న: టార్చితో చూశాం. మూడు నల్లగా, రెండు ఖాళీగా ఉన్నాయి.

జవాబు (గుణుపురం): ఖాళీవి ఇప్పుడే తీసేయండి, కింద పగిలితే మంచివీ చెడతాయి. మిగతా మూడూ 28వ రోజు పిల్ల లోపలి నుంచి పెంకు పొడిచాక పూర్తిగా బయటికి రావడానికి ఒక రోజు పైనే పట్టొచ్చు. తొందరపడి పెంకు ఒలిస్తే లోపలి రక్తనాళాలు తెగి పిల్ల పోతుంది.