“పర్వాలేదమ్మా” అనే మనిషి మనసులో మాట తెలుసుకోవడం ఎలా?

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థలో లెక్కల విభాగం చూస్తాను. నా బృందంలో ఒకాయన నాకంటే పదిహేనేళ్లు పెద్దవారు. బాబాయ్ గారూ అని పిలుస్తాను. వేసవి ముందు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) వెల్లువలా వచ్చే రోజుల్లో కూడా కోల్డ్ స్టోరేజీ రసీదు ఒక్కటీ తప్పిపోనివ్వరు. కొత్తగా చేరిన పిల్లలకు విసుగు లేకుండా నేర్పేదీ ఆయనే.

గత నెల లెక్కలన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాం. అందరి ముందు “మీకేమైనా ఇబ్బందా?” అని అడిగితే “పర్వాలేదమ్మా, చేద్దాం” అన్నారు. తర్వాత తెలిసింది, రాత్రి తొమ్మిది దాకా కూర్చుని అవే లెక్కలు పాత పుస్తకంలోనూ రాసుకుంటున్నారని. ఆయన మౌనాన్ని అంగీకారమనుకున్నాను. పొరపాటు నాదే.

మార్‌స్టన్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1928లో వివరించిన నాలుగు ధోరణుల నుంచి, మనుషుల స్వభావాలను నాలుగు రకాలుగా చూసే డిస్క్ (DISC) అనే పద్ధతి వచ్చింది. అందులో ఇలాంటి నిలకడైన స్వభావాన్ని ‘ఎస్’ (స్టెడీనెస్, అంటే నిలకడ) అంటారు. హఠాత్తు మార్పు వీరికి కష్టమని, ముందే చెప్పి వ్యవధి ఇవ్వాలని, విడిగా మాట్లాడాలని చదివాను. మనిషిని ఒక్క అక్షరంతో కొలవడం నాకు నచ్చదు కానీ ఈ వర్ణన ఆయనకు సరిపోయింది.

విడిగా అడిగినా అదే “పర్వాలేదమ్మా”. ఇలాంటివారితో పనిచేసినవారు చెప్పండి: ఎలా అడిగితే నిజం చెబుతారు? పాత పుస్తకం ఆపమనాలా, కొన్నాళ్లు రెండూ నడవనివ్వాలా? ఆయన నొచ్చుకోకూడదు, అలా అలసిపోనూ కూడదు.