అప్‌డేట్: నాన్నగారి చర్మ క్యాన్సర్, బి3 మాత్రలు

నాన్నగారి ముక్కు పక్కన బేసల్ సెల్ కార్సినోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) తీసేశాక, మళ్ళీ రాకుండా విటమిన్ బి3 వాడవచ్చా అని గత నెల అడిగాను.

నిన్న చెన్నైలోనే చర్మవైద్యురాలికి చూపించాం. అడయారులో కొన్న సీసాను నాన్నగారు గర్వంగా బల్ల మీద పెట్టారు. ఆవిడ దాని మీది అక్షరాలు చదివి, "ఇది నియాసిన్ అండీ, ఒళ్ళు ఎర్రబడుతుంది. క్యాన్సర్‌కు పరీక్షించింది నికోటినమైడ్‌ను" అన్నారు. రెండూ బి3యేనట! వారం రోజులుగా ఆయన ముఖం కందిపోతుంటే మేము పాపం ఎండను తిట్టుకున్నాం.

ఆస్ట్రేలియాలో 386 మందిపై జరిగి 2015లో వెలువడిన పరీక్షలో, రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున నికోటినమైడ్ ఏడాది వాడినవారిలో మెలనోమా (మరింత ప్రమాదకరమైన రకం) కాని కొత్త చర్మ క్యాన్సర్లు 23 శాతం తగ్గాయి. మాత్రలు ఆపాక ఆ మేలు నిలవలేదు. పైగా వాళ్ళందరికీ అంతకుముందు అయిదేళ్ళలో కనీసం రెండు క్యాన్సర్లు వచ్చాయి. నాన్నగారికి ఒక్కటే. అందుకే ప్రస్తుతానికి మాత్రలు వద్దన్నారు. టోపీ, సన్‌స్క్రీన్, ఆరు నెలలకోసారి పరీక్ష, అంతే.

సీసాలో ఇంకా సగం మాత్రలున్నాయి. "డబ్బు పెట్టి కొన్నాను" అంటూ నాన్నగారు పారేయనివ్వడం లేదు. అమ్మ దాచేసింది.