అప్‌డేట్: నాన్న యాంజియోగ్రామ్ రిపోర్టు వచ్చింది

నాన్న ఈసీజీలో ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ కనిపించిందని, అంటే గుండె రక్తనాళాలు మూసుకుపోయినట్టేనా అని ఇక్కడ అడిగాను. యాంజియోగ్రామ్ అయింది. గుండెకి రక్తమిచ్చే కరోనరీ ధమనుల్లో ఎక్కడా పూడిక లేదు. ఎంత ఊరట కలిగిందో మాటల్లో చెప్పలేను.

డాక్టరుగారు వివరించింది రాస్తున్నాను, ఇదే భయంతో ఉన్నవాళ్లకి పనికొస్తుంది. నాన్నకున్న బ్లాక్ గుండెలోని విద్యుత్ దారిలో వచ్చిన అడ్డంకి, రక్తనాళంలోది కాదు. కానీ ఆ దారికీ రక్తం కావాలి కదా! గుండె కొట్టుకోవడాన్ని మొదలుపెట్టే ఎస్ఏ నోడ్‌కి సుమారు 60 శాతం మందిలో కుడి కరోనరీ ధమని నుంచి, మిగతావారిలో ఎక్కువగా ఎడమ ధమని కొమ్మ అయిన సర్కమ్‌ఫ్లెక్స్ నుంచి రక్తం వెళ్తుంది. పై గదుల నుంచి కింది గదులకి విద్యుత్తును పంపే ఏవీ నోడ్‌కి చాలామందిలో కుడి ధమనే ఆధారం. అక్కడి నుంచి ఆ విద్యుత్తును కింది గదుల్లోకి తీసుకెళ్లే తీగల్లాంటి కుడి బండిల్‌కీ, ఎడమ బండిల్ ముందు కొమ్మకీ ప్రధానంగా ఎల్ఏడీ (గుండె ముందు వైపు దిగే ఎడమ ధమని కొమ్మ) నుంచి మధ్య గోడలోకి వెళ్లే సెప్టల్ శాఖలు రక్తాన్నిస్తాయి. అందుకే గుండెపోటులో, సాధారణంగా కుడి ధమని మీద ఆధారపడే కింది గోడ దెబ్బతిన్నప్పుడు వచ్చే ఏవీ బ్లాక్ (పై, కింది గదుల మధ్య విద్యుత్ అడ్డంకి) తరచూ తాత్కాలికం, ఎల్ఏడీ మీద ఆధారపడే ముందు గోడ దెబ్బతిన్నప్పుడు వచ్చేది చాలా ప్రమాదకరం.

నాన్నది లెఫ్ట్ డామినెంట్ గుండె, అంటే గుండె వెనక వైపు దిగే ధమని సర్కమ్‌ఫ్లెక్స్ నుంచే వస్తోంది. అది జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన తీరు. ధమనులు బాగున్నా ఇలాంటి బ్లాక్ రావచ్చట: ఏళ్ల తరబడి బీపీ, వయసుతో ఆ దారి గట్టిపడటం లాంటి కారణాలుంటాయి.

ఎకో (గుండె స్కాన్)లో పంపింగ్ బాగుంది, పేస్‌మేకర్ ఇప్పుడు అక్కర్లేదన్నారు. స్పృహ తప్పితే మాత్రం వెంటనే తీసుకురమ్మన్నారు. పాత ఈసీజీ కాపీ ఎప్పుడూ దగ్గరుంచుకోమన్నారు, ఛాతీనొప్పి వస్తే పోల్చి చూడటానికి.