పుట్లు, తూముల లెక్కని కిలోల్లోకి మార్చేదెలా?

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా తాతగారి కౌలు లెక్కల పుస్తకం దొరికింది. 1950ల నాటిది. ధాన్యమంతా 'రెండు పుట్ల ఆరు తూములు' ఇలాగే రాసుకున్నారు. వరస నాకు తెలుసు: నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. తేలనిది బరువే.

వీశె, మణుగు అయితే తూకం కాబట్టి గొడవ లేదు. వీశె అంటే 120 తులాలు, సుమారు కిలో 400 గ్రాములు. కుంచం అలా కాదు, కొలత. అదీ ఊరికో రకం. పైగా అంచుకి సమంగా తలకొట్టి కొలిచారా, రాశిగా పోసి కొలిచారా? కౌలు కొలిపించుకునేటప్పుడు ఏది వాడేవారో ఊహించడం కష్టం కాదులెండి! మా అటక మీద ఇనప కుంచం ఉంది, అంచు సొట్టపోయింది, నమ్మలేను.

1958లో మెట్రిక్ తూకాలు మొదలయ్యాక మన కోనసీమలో పాత కౌళ్లని 75 కిలోల బస్తాల్లోకి ఏ లెక్కన మార్చుకున్నారు? పుట్టికి ఎన్ని బస్తాలు కట్టేవారు? మీ ఇళ్లలో పెద్దవాళ్లెవరైనా ఉంటే కాస్త అడిగి చెప్పండి. ఊరి పేరు కూడా రాయండి, ప్లీజ్.